ముంజ రంగు, గంజి రంగు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ముగ్గురం ఒక గోడ ముందు నిలబడే గడిపాం.

ఆ గోడ కింది గదిది. అప్పటిదాకా అందులో వడ్ల బస్తాలు, ఎరువుల సంచులు, కాలిపోయిన బోరు మోటారు, పెళ్ళి పందిట్లో మిగిలిన ప్లాస్టిక్ కుర్చీలు పడి ఉండేవి. అందులో ఒక మనిషి పడుకోవలసి వస్తుందని ఎవరమూ అనుకోలేదు.

మా సుశాంత్ పెళ్ళి ఫాల్గుణంలో అయింది. మాకు వాడొక్కడే. కొత్త జంట కోసం మేడ మీద గది వేయించాను. కిటికీ పెద్దది పెట్టిస్తే దూరంగా చెరువు కూడా కనిపించేది. కోడలు హర్షితది బడంగ్‌పేట్. డిగ్రీ చదివిన పిల్ల, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. ఉగాది మా ఇంట్లోనే చేసుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకే, ఆదిబట్లలో డ్యూటీ దిగి బండి మీద వస్తున్న సుశాంత్‌కు సాగర్ రోడ్డు మీద కుక్క అడ్డమొచ్చింది. కుక్కను తప్పించాడు. తాను పడ్డాడు. ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం కూడా లేదు. మెడ విరిగింది.

పట్నం దవాఖానలో డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. ప్రాణానికి ఇక భయం లేదన్నాడు. మెడ దగ్గర నరం దెబ్బతిన్నదని, చేతులూ కాళ్ళూ పనిచేయవని అన్నాడు.

"ఎన్ని రోజులు సార్?" అని అడిగాను.

ఆయన పెన్నుకు మూత పెట్టి, "మీ ఇంట్లో కింద గది ఉందా?" అన్నాడు.

ఉందని చెప్పాను. గాలీ వెలుతురూ వచ్చేటట్టు చూసుకోమన్నాడు. తేమ ఉండకూడదు, గోడలు శుభ్రంగా ఉండాలి, వీలైతే రంగు వేయించండి అన్నాడు. నేనడిగినదానికి అదే జవాబని బస్సు ఇబ్రహీంపట్నం చేరేలోపు అర్థమైంది. కానీ ఇంటికి పోయి మా ఆవిడ వజ్రమ్మతో ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"కింది అర్రకు రంగులెయ్యాల్నట," అని మాత్రం చెప్పాను.

"అవ్, మెట్లెక్కాలంటె జర టైం పడ్తది గదా. లేచి తిరిగేదాంక కిందనే ఉంటడు," అంది వజ్రమ్మ. అని, కొంగు నడుముకు చుట్టి అప్పటికప్పుడే సంచులు బయటికి ఈడ్చడం మొదలుపెట్టింది. నేను మోటారు పట్టుకుంటే హర్షిత రెండో వైపు పట్టింది. ఆ పిల్ల గాజుల చేతులకు గ్రీజు అంటింది.

దవాఖానలో వాడి దగ్గర వజ్రమ్మ తమ్ముడు కిష్టా ఉండేవాడు, నేను ఉండేవాణ్ణి. ఆడవాళ్ళను ఎక్కువసేపు ఉండనిచ్చేవాళ్ళు కాదు. పొద్దున పోయి వాణ్ణి చూసుకొని సాయంత్రానికల్లా ఇద్దరూ ఇల్లు చేరేవాళ్ళు. చేరి, ఆ గదిలో పడేవాళ్ళు. కడిగారు, తుడిచారు, కిటికీకి దోమతెర కొట్టించారు. పెయింటర్ బిక్షం మా వాడకట్టువాడే. గోడల గుంతలన్నీ లప్పంతో పూడ్చి, కాగితం పట్టి రుద్ది, అరచేతితో నిమిరితే ఎక్కడా తగలకుండా సాఫు చేశాడు. తర్వాత రంగుల పుస్తకం తెచ్చాడు.

వజ్రమ్మ ఆ పుస్తకాన్ని తీసి నేరుగా హర్షిత చేతిలో పెట్టింది.

నాకు వింతగా అనిపించింది. మా ఇంటికి ఏం వచ్చినా, గేదె మొదలు గరిటె దాకా, వజ్రమ్మ ఇష్టప్రకారమే వచ్చింది. కొడుకు పెళ్ళిలో నేను తొడుక్కున్న చొక్కా కూడా తను ఎంచిందే. అలాంటి మనిషి కోడలి పక్కన నిలబడి, ఆ పిల్ల పేజీలు తిప్పుతుంటే నోరు మెదపకుండా చూసింది.

హర్షిత ముదురు రంగులు దాటేసింది. చివర్న లేత రంగుల పేజీ దగ్గర ఆగింది. పక్కపక్కనే ఉన్న రెండు గడుల మీద వేలు అటూ ఇటూ తిరిగింది.

"ఈ రెండిట్ల ఏదో ఒకటి," అంది.

"అవి రెండు ఒక్క తీరుగనే ఉంటయక్కా. గోడకు వేస్తెనే తెలుస్తది," అన్నాడు బిక్షం. మర్నాడు చిన్న డబ్బాలు రెండు తెచ్చి, కిటికీ ఎదురుగోడ మీద రెండు గడులు పక్కపక్కన పూశాడు. ఆరాయి. ముగ్గురం చూశాం.

"రెండు రంగులన్నరు, రెండోది ఏది?" అన్నాను.

హర్షిత ఫక్కున నవ్వింది. నవ్వి, నవ్వినందుకు భయపడి అత్త వైపు చూసింది.

వజ్రమ్మ కూడా మూతి బిగబట్టుకుంది. "ఏం కండ్లయ్యా నీయి! ఇది ముంజ రంగు. ఇప్పుడే ఒలిచిన ముంజ ఉంటది సూడు, గట్ల. గిది గంజి."

అలా చెప్పాక నాకూ కొంచెం తెలిసింది. ఒకదానిలో లోపలెక్కడో నీలం ఉంది. ఇంకొకదానిలో పసుపు. ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు.

"గంజి ఎందుకు గని, రోగమొచ్చినోల్లు తాగేది. నాకైతె ముంజనే మంచిగనిపిస్తుంది," అంది వజ్రమ్మ. వెంటనే నాలిక కరుచుకుంది. "నాదేముంది? అండ్ల ఉండెటోల్లు మీరిద్దరు. నువ్వే చెప్పు బిడ్డ."

"రెండూ మంచిగనే ఉన్నయి అత్తమ్మా."

"రెండేస్తమా మరి? ఒకటి చెప్పు."

హర్షిత గోడను చూస్తూ నిలబడింది. "రేపు చెప్త," అంది.

ఆ రేపు అంత తొందరగా రాలేదు. ఎండలు ముదిరాయి. బిక్షం పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడి, "తేలిందా అక్కా?" అని అడిగి, లేదంటే ఇంకో ఇంటి పనికి పోయేవాడు. హర్షిత చూడక కాదు. దవాఖానకు బయలుదేరే ముందు చీర కుచ్చిళ్ళు పట్టుకొని ఒకసారి లోపలికి పోయి చూసేది. సాయంత్రం వచ్చాక ట్యూబ్‌లైటు వేసి చూసేది, ఆర్పి చూసేది. పొద్దున ముంజ బాగుందనిపిస్తుందట, దీపం వేళకు గంజి. వజ్రమ్మ వంటింట్లోంచే అడిగేది, "ఏమన్న తెలిసిందా బిడ్డ?" అని. "చూస్తున్న అత్తమ్మా," అని జవాబు వచ్చేది. అంతే.

ఒకరోజు మేడ మీద బట్టలు ఆరేస్తూ హర్షిత వాళ్ళమ్మతో ఫోనులో మాట్లాడుతోంది. నేను మెట్ల మీద నీళ్ళ పైపు సరిచేస్తున్నాను. "లేదమ్మా, ఇంకా ఏం తేల్చుకోలేదు," అంది. కాసేపు విని, "నన్ను తొందర పెట్టకు. అందరు నన్నే అడుగుతున్నరు," అంది. వాళ్ళమ్మ అడిగింది గోడ గురించి కాదని నాకు తెలిసింది. పైపు అక్కడే వదిలేసి చప్పుడు కాకుండా కిందికి దిగాను.

అప్పుడు వజ్రమ్మను చూస్తే నాకు అన్నీ అర్థమయ్యాయి. డాక్టరు నాకు చెప్పింది ఆమెకు ఎవరూ చెప్పలేదు, అయినా ఆమెకు తెలుసు. కొడుకు కాలిని తనే ఒళ్ళో పెట్టుకొని గిచ్చి చూసిందని కిష్టా చెప్పాడు. రంగు ఎవరు చెబితే గది వాళ్ళదవుతుందని ఆమె లెక్క. ఆ పిల్ల నోటి నుంచి ఒక్క మాట రావాలి, అంతే. వజ్రమ్మ దానికోసం కాచుకొని ఉంది.

హర్షిత తండ్రి భూపాల్ వారానికోసారి దవాఖానకు వచ్చేవాడు. మంచి మనిషి. అల్లుడి పక్కన కూర్చొని, వాడికి వినిపించేటట్టు పేపరు చదివేవాడు. ఒకసారి నన్ను చాయ తాగుదామని కిందికి తీసుకుపోయాడు. చాయ చేతిలో పట్టుకొని తాగకుండా నిలబడ్డాడు.

"బావా, ఒకటడుగుత. కోపానికి రావద్దు."

"అడుగు బావా."

"ఆషాఢం వస్తది గదా. కొత్త కోడలు అత్తగారింట్ల ఉండొద్దంటరు. పిల్లను తోల్కపోత."

"దానికేముంది? ఆషాఢానికి అందరు తోల్కపోతరు."

"అవ్. అందరు తోల్కపోతరు," అన్నాడు భూపాల్. ఆయన కళ్ళు నా వైపు లేవలేదు. శ్రావణంలో మళ్ళీ పంపుతానని ఆయన అనలేదు. ఎప్పుడు పంపుతావని నేనూ అడగలేదు. చాయ చల్లారిపోయింది. ఇద్దరం అలాగే తాగేశాం.

మిరుగు కార్తె, తొలకరి వానలు దగ్గర పడేసరికి వాణ్ణి ఇంటికి తీసుకుపోవచ్చన్నారు. దవాఖానలో చేసేది ఇక ఏమీ లేదు. ఆ మాట ఇంటికి తెచ్చిన రోజు వజ్రమ్మ ఓపిక అయిపోయింది. బిక్షం గుమ్మంలో ఉన్నాడు.

"ఒక్క రంగు చెప్పనీకి ఇన్నొద్దులా? నా కొడుకు వస్తుండు. మచ్చలేసిన గోడల మధ్యన పండవెడ్తమా వాన్ని? నీ అర్రనే గదా ఇది! చెప్పవేందే?"

వజ్రమ్మ గొంతు అంత లేవడం ఆ పిల్ల ఎన్నడూ వినలేదు. నేనే విని ఎన్నాళ్ళో అయింది. హర్షిత గోడ దగ్గరికి పోయింది. ఒక గడి మీద అరచెయ్యి ఆనించింది.

"ఇది అత్తమ్మా."

గంజి రంగు.

వజ్రమ్మ ముఖం చూడాలి అప్పుడు. రోగమొచ్చినోళ్ళ తిండి అని తానన్న రంగే అది. అయినా, "ఇన్నవా బిక్షం? గదే! నాలుగు గోడలకు గదే వెయ్యి!" అని అరిచినంత పని చేసింది. హర్షిత రెండు బుగ్గలూ పట్టుకొని, లోపలికి పోయి పాలు పొయ్యి మీద పెట్టింది. ఆ పూట సేమియా చేసి బిక్షానికి కూడా గిన్నె నిండా పెట్టింది.

నేను హర్షితను అడిగాను, "అదే ఎందుకు బిడ్డ?" అని.

"పొద్దుగూకినంక ఈ పక్కనే జర ఎక్కువ వెలుతురున్నట్టు అనిపిస్తుంది మామయ్యా. ఆయనకు వెలుతురు కావాలె గదా," అంది.

ఆయనకు అంది. 'మా ఇద్దరికి' అని అనలేదు. నేను ఆ మాట వజ్రమ్మకు చెప్పలేదు. వంటింట్లోంచి చానాళ్ళ తర్వాత గిన్నెల చప్పుడు హుషారుగా వినిపిస్తోంది.

సుశాంత్‌ను అంబులెన్సులో తెచ్చాం. వాడకట్టు వాళ్ళు నలుగురు చెయ్యేసి లోపలికి మోశారు. గది నిజంగానే వెలుగుతోంది. కొత్త రంగు వాసన, ఉతికిన దుప్పటి, కిటికీలోంచి గాలి. వజ్రమ్మ గుమ్మడికాయతో దిష్టి తీసి వచ్చి, ఆయాసపడుతూ కొడుకు ముఖం మీదికి వంగింది.

"ఎట్లుంది బిడ్డ? నీ పెండ్లాం ఎంచింది రంగు."

వాడు కాసేపు చూశాడు. మెడకు పట్టా ఉంది. తల ఎటూ తిరగదు.

"ఫ్యాను రెక్కలు తుడువలేదా అమ్మా?" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. వాడు విసుక్కున్నాడనుకొని, గుడ్డ తెస్తానని పోయింది. హర్షిత మాత్రం తల పైకెత్తింది. చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఎవరూ లేనప్పుడు నేను వాడి మంచం పక్కన చాప మీద వెల్లకిలా పడుకొని చూశాను. గోడ ఒక్కటి కూడా కనిపించదు. కనిపించేది కప్పు. దానికి బిక్షం పాత సున్నం మీదే ఒక చెయ్యి పూసి వదిలేశాడు, మేము పట్టించుకోలేదు. ఎన్నడో కారిన వాననీళ్ళు అక్కడ పసుప్పచ్చని మరకలు పెట్టాయి. స్లాబు పోసిననాటి చెక్కల గుర్తులున్నాయి. మధ్యలో ఫ్యాను. నెలరోజులు ముగ్గురం కళ్ళు చికిలించుకొని గోడలను చూశామే కానీ, ఒక్కరమైనా వాడు పడుకునేచోట పడుకొని పైకి చూడలేదు.

"బిక్షాన్ని పిలుస్త బిడ్డ. పైన గూడ వేపిస్త," అన్నాను.

"వద్దు బాపు. ఆ మరకలు ఉండనీ. చూసేతందుకు ఏదన్న ఉండాలె గదా."

ఆషాఢం వచ్చేదాకా ఇరవై రోజులు హర్షిత వాడికి ఏ లోటూ రానివ్వలేదు. తినిపించింది, తుడిచింది, రెండు గంటలకోసారి మెడ కదలకుండా ఒళ్ళు కొద్దిగా పక్కకు తిప్పింది. తిప్పేటప్పుడు వీపు కింద దిండు ఎలా పెట్టాలో దవాఖాన నర్సు దగ్గర నేర్చుకొని మాకు నేర్పింది. కానీ గదిలో ఇద్దరే ఉన్నప్పుడు మాటలు వినిపించేవి కావు. ఒకప్పుడు మేడ మీది నుంచి వాళ్ళ నవ్వులు వంటింట్లోకి వినిపించేవి. వజ్రమ్మ అప్పుడు సిగ్గుపడి రేడియో గొంతు పెంచేది.

ఒక సాయంత్రం ఆడవాళ్ళిద్దరూ సంతకు పోయారు. నేను వాడికి నీళ్ళు తాగిస్తున్నాను. మూతి పక్కకు తిప్పలేడు కాబట్టి, చాలని కళ్ళతో చెప్పాడు.

"బాపు, ఆషాఢం ఎన్నడు?"

"వస్తుంది. ఇంకో నాల్గొద్దులు."

"మామ వస్తడా?"

"వస్తనన్నడు."

"పంపున్రి." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మల్ల తేవొద్దు."

నేను చెంబు కింద పెట్టాను.

"ఏం మాటలురా ఇవి?"

"దానికి ఇర్వై మూడేండ్లు బాపు. నేను ఎన్నేండ్లు బతుకుతనో డాక్టరు గూడ చెప్తలేడు. అది పోతనని అనది. అమ్మ పొమ్మనది. నువ్వు తేకు, గంతే." కప్పు వైపే చూస్తూ అన్నాడు. "అమ్మకు చెప్పకు."

వాడు చిన్నప్పుడు నన్ను సైకిలు అడిగాడు, పెద్దయ్యాక బండి అడిగాడు, మేడ మీద గది అడిగాడు. అన్నిటికీ ముందు కాదని, తర్వాత ఇచ్చాను. ఈసారి కాదనలేదు, అవుననలేదు. తువ్వాలతో వాడి గడ్డం తుడిచి బయటికి వచ్చాను.

భూపాల్ కారు మాట్లాడుకొని వచ్చాడు. వజ్రమ్మ కోడలికి కొత్త చీర పెట్టింది, బొట్టు పెట్టింది. ఆ ఏడు తొక్కు ఇద్దరూ కలిసి పెట్టారు. దవాఖానకూ ఇంటికీ తిరుగుతూనే మామిడికాయలు కొట్టారు. అందులోంచి ఒక జాడీ నింపి మూతికి గుడ్డ కట్టి కారులో పెట్టింది.

"నెల అంటె ఎంత, కండ్లు మూసి తెరిసేలోపల అయితది. శ్రావణం మొదటి శుక్రారంలోపు మీ మామ వస్తడు, తోల్కొస్తడు. నువ్వు ఫికర్ చెయ్యకు, వాన్ని నేను చూస్కుంట," అంది.

హర్షిత గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. ఎక్కువసేపు లేదు. బయటికి వచ్చేసరికి ముఖం కడుక్కున్నట్టు తడిగా ఉంది. అత్త కాళ్ళు మొక్కింది, నా కాళ్ళు మొక్కింది. కారెక్కేటప్పుడు భూపాల్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వదలడానికి చాలాసేపు పట్టింది.

ఆ నెలంతా వానలు. చెరువులోకి నీళ్ళొచ్చాయని అందరూ చూడ్డానికి పోయారు. నా పత్తి చేనులో కలుపు పెరిగిపోయింది. వజ్రమ్మ ఒక్కతే వాణ్ణి తిప్పడం కుదరదు కాబట్టి నేను పొలానికి పోయినా తిరిగి తిరిగి ఇంటికి వచ్చేవాణ్ణి. మొదట్లో హర్షిత రోజూ ఫోను చేసేది. సుశాంత్ చెవి దగ్గర వజ్రమ్మ ఫోను పెట్టి పట్టుకునేది. "ఆఁ", "తిన్న", "మంచిగున్న" అనేవాడు. తర్వాత తర్వాత, "పండుకున్ననని చెప్పమ్మా," అనడం మొదలుపెట్టాడు.

శ్రావణం వచ్చింది. వజ్రమ్మ గడపలకు పసుపు రాసి, నాకు ఇస్త్రీ బట్టలు తీసిపెట్టింది. పండ్లు, పూలు సంచిలో సర్ది చేతికిచ్చింది. "ఆటోల తోల్కరాకు, దుమ్ము. కారు మాట్లాడు," అంది. నేను సుశాంత్ గదిలోకి పోయి, "పోయొస్త బిడ్డ," అన్నాను. వాడు నా కళ్ళలోకి చూశాడు.

మీర్‌పేట్ దాటి బడంగ్‌పేట్ చేరేదాకా నేను ఏం చేస్తానో నాకే తెలియదు. కొడుకు మాట ఒకటి, పెళ్ళాం మాట ఒకటి. ఆ పిల్ల మనసులో ఏముందో చూసి, దాన్నిబట్టి చేద్దామనుకున్నాను. రానంటే నా పని తేలిక. బస్సులో కూర్చొని, రానంటే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను.

వాళ్ళింటి తలుపు తీసింది హర్షితే. లోపల హాల్లో గోడకానించి ఆమె బట్టల బ్యాగు ఉంది. జిప్పు వేసి ఉంది. ఆమె వజ్రమ్మ పెట్టిన చీర కట్టుకుంది.

"కూసోండి మామయ్యా. నీళ్ళు తాగున్రి. పోదాం," అంది.

వంటింటి గుమ్మంలో వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నిలబడి ఉంది. భూపాల్ కుర్చీలోంచి లేవలేదు. తల వంచుకొని తన అరచేతులు చూసుకుంటున్నాడు. పొద్దుట్నుంచి ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కర లేదు. వాళ్ళు వద్దన్నారు, ఈ పిల్ల పోతానన్నది. నెల క్రితం మా ఇంటి నుంచి పోయినప్పుడున్న బుగ్గలు కూడా లేవు ఆ ముఖంలో.

నేను నీళ్ళు తాగాను. గ్లాసు కింద పెట్టాను. పండ్ల సంచి బల్ల మీద పెట్టాను.

"తోల్కపోదామని రాలేదు బిడ్డ. మిమ్ములందర్ని ఒకసారి చూసిపోదామని వచ్చిన. నువ్వు ఉండు."

"ఎన్ని రోజులుండాలె?"

"ఉండు," అన్నాను.

ఆమె బ్యాగు దగ్గరే నిలబడింది. "ఆయన చెప్పిండా?"

నేను తల ఊపాను.

హర్షిత నేల మీద కూర్చుంది. ఏడ్చింది. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రమే కదులుతూ. ఏడుపు కిందగా ఇంకేదో కూడా కదిలింది ఆ ముఖంలో, చాలాసేపు బిగపట్టిన ఊపిరి వదిలినట్టు. అది చూసి నాకు కోపం రాలేదు. నా బిడ్డే అయి ఉంటే అదే కోరుకునేవాణ్ణి.

కాసేపటికి ముక్కు తుడుచుకొని అడిగింది. "టైంకు తిప్పుతున్నరా మామయ్యా? వీపుకు ఎర్రగ ఏమన్న అయిందా?"

"తిప్పుతున్నం. ఏం కాలేదు."

"ఎడమ మడమ కింద గూడ చూడున్రి. అక్కడ తొందరగ అయితది."

"చూస్తం బిడ్డ."

వాళ్ళమ్మ విస్తరి వేసింది. వద్దంటే బాగుండదని కూర్చున్నాను. వడ్డించినదల్లా తిన్నాను. ఆమె వడ్డిస్తూనే ఉంది, నేను తింటూనే ఉన్నాను. లేచేటప్పుడు భూపాల్ గేటు దాకా వచ్చి, "బావా," అన్నాడు. "ఉంట బావా," అని బస్సెక్కాను.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాను. వజ్రమ్మ గేటు దగ్గరే ఉంది. నా వెనక చూసింది. వీధి చివరిదాకా చూసింది. కారు ఏదీ లేదు.

"రానన్నదా?"

"వస్తనన్నది. బ్యాగు గూడ సదురుకున్నది. నేనే తోల్కరాలే."

కొడుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. వజ్రమ్మ గేటు ఊచ పట్టుకొని అలాగే నిలబడింది. కడపటికి, "వానికి నువ్వే చెప్పు పో," అంది. "పొద్దుగాల నువ్వు పోంగనే మంగలి సాయన్నను పిలవమన్నడు. ఇస్త్రీ చొక్కా వెయ్యమన్నడు."

గదిలోకి పోయాను. సుశాంత్ గడ్డం నున్నగా గీయించుకొని ఉన్నాడు. జుట్టుకు నూనె రాసి పాపిడి తీసి ఉంది. మంచం పక్కన స్టూలు మీద కొత్త దుప్పటి పరిచి ఉంది, మనిషి కూర్చోవడానికి. తెల్లచారల చొక్కా మెడ దాకా గుండీలు పెట్టి ఉంది. గేటు చప్పుడు, నా ఒక్కడి చెప్పుల చప్పుడు వాడు అప్పటికే విన్నాడు.

"బస్సు దొరికిందా బాపు?"

"దొరికింది."

"రష్ ఉండెనా?"

"లేదు. కూసొనే వచ్చిన."

బయట వజ్రమ్మ చెంబుతో నీళ్ళు ముంచుకొని ముఖం కడుక్కుంటోంది. కడుక్కుంటూనే ఉంది.

"చొక్కాతోని ఉక్కపోస్తుంది," అన్నాడు వాడు. "తియ్యి బాపు."

నేను వంగి పై గుండీ విప్పాను. రెండోది విప్పబోతుంటే చొక్కా దానంతటదే నా చేతిలోకి వదులుగా వచ్చింది. వాడి చేతులు లేవవు కాబట్టి, తొడగడానికి వజ్రమ్మ దాన్ని వెనకవైపు కాలరు నుంచి అంచుదాకా కత్తెరతో కోసింది.